ఉద్యోగం మాని అయిదెకరాల సేద్యం: తిరిగి వచ్చే ముందు తెలుసుకోవలసిన సంగతులు

నెలకు ఇద్దరు ముగ్గురు మిత్రులైనా నాకు ఫోను చేస్తుంటారు. న్యూజెర్సీ నుంచి, డల్లాస్ నుంచి, అప్పుడప్పుడు దుబాయ్ నుంచి. కుశలప్రశ్నలు అయ్యాక గొంతు కాస్త తగ్గించి అందరూ అడిగేది ఒకటే: "ఉద్యోగం మానేసి ఊరికి పోయి నాలుగెకరాలు చేసుకుంటూ బతకొచ్చా?" గొంతు ఎందుకు తగ్గిస్తారో నాకు తెలుసు. పక్క గదిలో భార్యో, భర్తో ఉంటారు. వాళ్ళకి ఇంకా చెప్పి ఉండరు.

ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే బదులు, నాకు తెలిసినంతవరకు అందరికీ పనికొచ్చేలా ఒకచోట రాద్దామని ఈ ప్రయత్నం. ఇది వ్యవసాయశాస్త్రం కాదు, న్యాయ సలహా అంతకన్నా కాదు. ముందు నడిచినవాడు ఎక్కడ జారిపడ్డాడో వెనక వచ్చేవారికి చెప్పడం, అంతే.

నా సంగతి క్లుప్తంగా

అనంతపురం జిల్లా ధర్మవరం వైపు ఒక చిన్న ఊరు మాది. 2022 ఏప్రిల్ నుంచి ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. 2004లో అమెరికా వెళ్ళాను. 17 ఏళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2016లో నాన్న పోయారు. భాగపంపకాల్లో నా వాటాకు 5 ఎకరాల 20 సెంట్ల మెట్టభూమి వచ్చింది. ఎర్రనేల. కాలువ లేదు, చెరువు కింద ఆయకట్టు కాదు. వానొస్తే పంట, లేకపోతే లేదు. 2021 మార్చిలో ఉద్యోగం వదిలి, భార్యతో, కూతురితో తిరిగి వచ్చేశాను. ఇప్పుడు అదే పొలం చేసుకుంటున్నాను.

భూమి ఎవరు కొనవచ్చు?

చాలామంది ఇక్కడే పొరబడతారు. 1999 నాటి విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) కింద ఉన్న నియమాల ప్రకారం విదేశంలో ఉంటున్న ఎన్నారై, ఓసీఐ కార్డుదారు ఇళ్ళు కొనవచ్చు, ఫ్లాట్లు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫార్మ్‌హౌస్ మాత్రం కొనకూడదు. కానుకగా కూడా తీసుకోకూడదు. "మా బావమరిది పేరున కొని తర్వాత నా పేరున రాయించుకుంటాను" అనే మిత్రులు ఈ మాట రెండుసార్లు చదవండి.

వారసత్వంగా రావడానికి మాత్రం అడ్డు లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారికైనా తల్లిదండ్రుల పొలం వారసత్వంగా రావచ్చు. దాన్ని అమ్ముకోదలిస్తే భారతదేశంలో నివసించే భారత పౌరునికే అమ్మాలి. భారత పాస్‌పోర్టు ఉండి, స్థిరంగా ఉండిపోయే ఉద్దేశంతో తిరిగి వచ్చేస్తే ఫెమా దృష్టిలో మీరు నివాసి అవుతారు. అప్పుడు కొనుక్కోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పొలం కొనాలంటే ముందే రైతు అయి ఉండాలన్న నిబంధన లేదు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో ఉంది. అందుచేత పౌరసత్వం మార్చుకునే ముందే ఈ సంగతి ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది. నేను గ్రీన్‌కార్డుతోనే ఆగిపోవడానికి కారణం దూరదృష్టి కాదు, బద్ధకం. ఆ బద్ధకమే నాకు మేలు చేసింది.

కాగితాలు

మా పొలం పక్కనే ఎకరన్నర అమ్మకానికి వచ్చింది. ధర తక్కువ, గట్టు ఒకటే. నేను బయానా ఇవ్వబోతుంటే మా ఊరి పెద్దాయన ఒకాయన, "అది డీకేటీ పట్టా కాదా నాయనా?" అని అడిగారు. అంటే ప్రభుత్వం భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 నాటి చట్టం అలాంటి భూముల బదలాయింపును నిషేధించింది. ఆ ఒక్క ప్రశ్న నన్ను కాపాడింది. మీ ఊళ్ళో అలా అడిగే పెద్దాయన ఉండకపోవచ్చు. కనుక కొనేముందు ఇవన్నీ చూసుకోండి:

1. అడంగల్ (తెలంగాణలో పహాణీ), 1-బి. పట్టాదారు ఎవరు, సాగులో ఎవరు ఉన్నారు అన్నవి రెండూ చూడాలి. రెండు గడుల్లో రెండు పేర్లుంటే ఎందుకో తెలుసుకోవాలి.

2. ఈసీ. వీలైనంత వెనక్కి, కనీసం 30 ఏళ్ళది తీయించండి.

3. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత భూముల జాబితాలో ఆ సర్వే నంబరు ఉందా?

4. ఎఫ్ఎంబీ పటం. సర్వేయరుతో కొలిపించి, గట్టు పక్కవాళ్ళ ఎదుటే రాళ్ళు పాతించుకోండి.

5. దారి. కాగితం మీద దారి లేని పొలానికి ట్రాక్టరు పోదు. ఇవాళ పక్కాయన పోనిస్తాడు, రేపు ఆయన కొడుకు పోనివ్వడు.

6. అమ్మేవారి కుటుంబంలో ఆడపిల్లల సంతకాలు. 2005 హిందూ వారసత్వ సవరణ తరువాత కూతుళ్ళకు సమాన హక్కు ఉన్నదన్న సంగతి అమ్మేవాళ్ళు తరచు మరిచిపోతుంటారు.

ఆంధ్రప్రదేశ్ రికార్డులు మీభూమి సైటులో చూడవచ్చు. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. తెర మీద కనిపించేది మొదటి మెట్టు మాత్రమే. ఊళ్ళో నాలుగు రోజులుండి, నలుగురిని అడగనిదే కొనవద్దు.

అమెరికాలో విప్పుకోవలసిన ముడులు

ఈ విషయాలు మీ సీపీఏతో మాట్లాడుకోవలసినవే. ఏమేమి అడగాలో మాత్రం చెబుతాను.

సోషల్ సెక్యూరిటీకి 40 క్రెడిట్లు కావాలి, అంటే సుమారు 10 సంవత్సరాల ఉద్యోగం. ఈ విషయంలో భారతదేశానికీ అమెరికాకూ ఒప్పందం లేదు. కాబట్టి 9 ఏళ్ళు చేసి వచ్చేసేవారు ఒక్క ఏడాది ఆగితే మంచిదేమో ఆలోచించండి. 401కె సొమ్ము 59న్నర ఏళ్ళు నిండకుండా తీస్తే పన్ను కాక మామూలుగా 10 శాతం జరిమానా ఉంటుంది. బోరు వేయడానికి ఆ డబ్బు తీయవద్దు. గ్రీన్‌కార్డు ఉన్నంతకాలం, పౌరసత్వం ఉన్నంతకాలం మీరెక్కడున్నా అమెరికా పన్ను లెక్కలు దాఖలు చేయాలి. ఇక్కడి బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ కూడా. గత 15 ఏళ్ళలో 8 పన్ను సంవత్సరాలు గ్రీన్‌కార్డు ఉన్నవారు దాన్ని వదులుకునేటప్పుడు వేరే పన్ను నియమాలు వర్తించవచ్చు. ఆ గడువు ముందే లెక్క చూసుకోండి.

ఇక్కడికి వచ్చాక ఎన్నారై ఖాతాలను నివాసి ఖాతాలుగా మార్పించాలి. డాలర్లు డాలర్లుగానే ఉంచుకోవాలంటే ఆర్ఎఫ్‌సీ ఖాతా ఉంది. చాలాకాలం బయట ఉండి వచ్చినవారికి మొదటి రెండు మూడేళ్ళు ఆదాయపు పన్నులో ప్రత్యేక హోదా దొరుకుతుంది. విదేశీ ఆదాయం విషయంలో అది పెద్ద వెసులుబాటు. పొలం మీద వచ్చే ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. మొదటి మూడేళ్ళలో ఆ మినహాయింపుతో నాకు పని పడలేదు లెండి.

నీళ్ళ లెక్క

పొలం చూడడానికి వెళ్ళిన ఎన్నారై ముందుగా అడిగేది "బోరు వేస్తే నీళ్ళు పడతాయా?" అని. నేనూ అదే అడిగాను. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చూసే ఆయన వచ్చి చెట్టు కింద చోటు చూపించారు. 650 అడుగులు వేయించాను. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రెండోది, భూగర్భ శాస్త్రం చదివినాయన చూపించిన చోట, ఒకటిన్నర ఇంచు నీళ్ళు పడింది. అది కూడా వేసవిలో ముక్కుతూ మూలుగుతూ వస్తుంది. బోరుకు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలన్నది కూడా మరవద్దు.

నాకు తర్వాత తెలిసొచ్చిన లెక్క ఇది. ఎకరం మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 40,000 లీటర్లు. మా వైపు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు! ఇన్ని నీళ్ళు ఆకాశం నుంచి ఉచితంగా పడుతుంటే వంకలోకి పోనిచ్చి, మూడు లక్షలు పెట్టి పాతాళంలో వెతుకుతున్నాను. మొదటి రూపాయి గట్లకూ, వాలుకు అడ్డంగా కందకాలకూ, పల్లపు మూలన ఒక నీటికుంటకూ పెట్టండి. బోరు సంగతి ఆ తర్వాత. కుంటలో నీళ్ళు పంటంతటికీ చాలవు. కానీ పూతదశలో వాన మొండికేసినప్పుడు ఒక్క తడి ఇవ్వగలిగితే పంట గట్టెక్కుతుంది.

మొదటి పంట, డబ్బు లెక్క

మా వైపు ప్రధానమైన పంట వేరుశనగ. బుడ్డలంటాం. మధ్యలో సాళ్ళుగా కంది. 2021 జూన్‌లో, మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే నా ఉత్సాహం ఆగలేదు. మామ (ఈయన గురించి కింద రాస్తాను) గట్టు మీద నిలబడి మట్టిలోకి వేలు గుచ్చి చూసి, "పదును చాలదప్పా, లోపల పొడిగానే ఉంది. ఇంకో వాన రానీ" అన్నాడు. అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు అన్న సామెత నేను చిన్నప్పుడు తెలుగువాచకంలో చదివాను. మామ చదవలేదు, చేశాడు. నేను వినలేదు. ఎకరాకు 60 కిలోల చొప్పున విత్తాను. తర్వాత పద్దెనిమిది రోజులు చినుకు లేదు. మొలిచినవి మాడిపోయాయి, మొలవనివి చీమలపాలు. మళ్ళీ విత్తనం కొని ఆరుద్రలో విత్తాను.

మంచి ఏడాదిలో మెట్టన మాకు ఎకరాకు 4 క్వింటాళ్ళు వస్తే బాగా వచ్చినట్లే. 2024-25 మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. నాలుగు క్వింటాళ్ళకు 27,132. విత్తనం, దున్నకం, కూలీలు, కాయలు కోయించడం, ట్రాక్టరు బాడుగ అన్నీ కలిపి నా ఖర్చు ఎకరాకు 22,000 నుంచి 25,000. మిగిలేది మీరే లెక్క వేసుకోండి. అడవిపందులు ఒక్క రాత్రి వచ్చిపోతే ఆ మిగులు కూడా ఉండదు. ఒక్క పంట మీద, ఆ పంటను పచ్చిగా మండీకి తోలే పద్ధతి మీద అయిదెకరాలతో సంసారం నడవదు. ఎవరైనా నడుస్తుందని చెబితే వారికి వేరే ఆదాయం ఉందేమో అడగండి.

నాకూ ఉంది. వారానికి రెండు రోజులు బెంగుళూరు కంపెనీ ఒకదానికి ఇంటి నుంచి పని చేస్తాను. మా ఆవిడ ధర్మవరంలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఇది ఓటమి అని మొదట్లో అనుకునేవాణ్ణి. ఊళ్ళో చూస్తే ప్రతి రైతు ఇంటా ఇలాంటిదేదో ఒకటి ఉంది: ఒకరికి గొర్రెలు, ఒకరికి పాలు, ఒకరి కొడుకు పట్నంలో. మూడేళ్ళ ఇంటిఖర్చు పొలంతో సంబంధం లేకుండా చేతిలో పెట్టుకుని రండి. ఆ డబ్బు పొలానికి అప్పు ఇవ్వకండి.

ఇప్పుడు నా చేతికింద ఉన్న మూడు ఎకరాల 20 సెంట్లలో ఎకరం మామిడి, 10 మీటర్ల ఎడంతో 40 చెట్లు. కాపుకు నాలుగైదేళ్ళు పడుతుంది కాబట్టి మధ్యలో అలసంద, అనుములు. గట్ల మీద సీతాఫలం, మునగ. మిగిలిన నేలలో బుడ్డలు, కంది, కొర్ర. బుడ్డలు కొన్ని గానుగ ఆడించి నూనెగా అమ్ముతాను. అక్కడే నాలుగు డబ్బులు కనిపిస్తున్నాయి.

కౌలు రైతు సంగతి

ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. కాని మనలో చాలామందికి ఊళ్ళో పొలం ఉంది, దాన్ని ఎవరో ఒకరు చేస్తున్నారు. అందుకని రాస్తున్నాను.

నాన్నకు ఒంట్లో బాగాలేనప్పటి నుంచి, అంటే 2008 నుంచి, మా పొలం ఒకాయన కౌలుకు చేస్తున్నాడు. వరసకు నాకు మామ. నోటిమాట కౌలు. కాగితం లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. భూయజమాని ఒప్పుకుని సంతకం పెడితే కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇస్తారు. ఆ కార్డు ఉంటే పంట రుణం, బీమా, పంట నష్టం డబ్బు సాగు చేసినవారికి అందుతాయి. యజమాని హక్కుకు దానివల్ల ఏమీ కాదని ఆ చట్టంలోనే ఉంది.

2020 వేసవిలో మామ నాకు ఫోను చేశాడు. "అప్పా, ఒక్క సంతకం పెట్టి పంపిస్తే బ్యాంకులో అప్పు పుడుతుంది." నేను ఇద్దరు మిత్రులను అడిగాను. ఇద్దరూ "పెట్టకు, కాగితానికెక్కితే పొలం చేజారిపోతుంది" అన్నారు. నేను చట్టం తీసి చదవలేదు. నాలుగు పేజీల ఒప్పందంలో కామా తప్పిదాలు పట్టుకునే ఉద్యోగం నాది. అది మాత్రం చదవలేదు. "చూద్దాంలే మామా" అన్నాను. చూద్దాంలే అంటే ఏమిటో ఆయనకు తెలుసు. మళ్ళీ అడగలేదు.

ఆ ఏడాది వానలు మితిమీరాయి. పీకి కుప్ప వేసిన బుడ్డలు తడిసి మొలకెత్తిపోయాయి. మామ నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పెట్టిన పంట అది. 2021లో నేను వచ్చాక ఊరి బ్యాంకులో నా పాసుబుక్కుకు ఎంట్రీలు వేయించాను. పంట నష్టం కింద పడిన సొమ్ము అందులో ఉంది. పట్టాదారు నేను కాబట్టి నా ఖాతాలో పడింది. ఎడిసన్‌లో వెచ్చగా కూర్చున్నవాడికి పంట నష్టం!

ఆ డబ్బు తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. తీసుకున్నాడు. వడ్డీ కూడా ఇస్తానంటే వద్దన్నాడు. "నువ్వొస్తున్నావని మీ అమ్మ చెప్పిన రోజే పొలం పోయిందనుకున్న్యా. అడిగే హక్కు నాకేముందిలే" అన్నాడు. ఆయన కొడుకు అప్పటికే బెంగుళూరులో కట్టడం పనికి పోయాడు. ఆ అప్పు తీర్చడానికే పోయాడని తర్వాత తెలిసింది. నేను ఇచ్చిన డబ్బు అతణ్ణి వెనక్కి తేలేదు.

ఇప్పుడు రెండెకరాలు మామే చేస్తున్నాడు, కార్డుతో. ప్రతి ఏడాదీ సంతకం నేను పెడతాను. కౌలు పంట వచ్చాకే, పంట పోతే లేదు. నా పొలంలో ఎప్పుడు విత్తాలో ఆయన్ను అడిగి విత్తుతాను. దీన్ని ఔదార్యం అనకండి. పదమూడేళ్ళు ఆ నేలతో కాపురం చేసిన మనిషి చెప్పే మాటకు కన్సల్టింగ్ లెక్కన ఎంతవుతుందో మనకు తెలుసు.

మీరు తిరిగి రాకపోయినా ఈ పని చేయవచ్చు. మీ పొలం ఎవరు చేస్తున్నారు, వారికి కార్డు ఉందా, పంట నష్టం సొమ్ము ఎవరి ఖాతాలో పడుతోంది? ఈ మూడూ ఇంటికి ఫోను చేసి అడగండి. తిరిగి వచ్చే ఉద్దేశముంటే కౌలుదారుకు కనీసం ఒక పంటకాలం ముందే చెప్పండి.

ఎక్కడ నేర్చుకోవాలి

వేరుశనగకు కదిరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకాలు అక్కడివే. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి బీడుభూములను పచ్చబరిచే పని చేస్తోంది. వెళ్ళి చూడవలసిన చోటు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని రైతు సాధికార సంస్థ నడుపుతోంది. వానలకు ముందే నవధాన్యాలు పొడినేలలో చల్లి, నేలను ఏడాది పొడుగునా పచ్చగా కప్పి ఉంచే పద్ధతి నేను వారి దగ్గరే నేర్చుకున్నాను.

జీవామృతం గురించి అందరూ అడుగుతారు. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవుమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు. నీడలో 48 గంటలు ఉంచి, పూటపూటా కర్రతో కలియతిప్పాలి. ఎకరానికి సరిపోతుంది. నేల మెత్తబడింది, వానపాములు కనబడుతున్నాయి. దిగుబడి మాత్రం మొదటి రెండేళ్ళలో పెరగలేదని నిజం చెప్పాలి. ఎరువుల ఖర్చు తగ్గింది.

వచ్చే ముందు ఒక్కసారి

రాజీనామా రాయకముందు ఒక ఏడాది సెలవు దొరుకుతుందేమో అడగండి. సెలవు దొరక్కపోతే కనీసం రెండు నెలలు, అదీ సంక్రాంతికి కాదు, ఏప్రిల్, మే నెలల్లో వచ్చి ఉండండి. సంక్రాంతికి ఏ ఊరైనా బాగుంటుంది. రోహిణి కార్తె ఎండలో మధ్యాహ్నం మూడింటికి మీకు ఆ పొలం నచ్చితే, అప్పుడు ఆలోచించండి. మొదటి ఏడాది ఎకరానికి మించి మీ చేత్తో చేయకండి. పిల్లలు పదో తరగతికి దగ్గర్లో ఉంటే ఆగండి. మా అమ్మాయి ఏడో తరగతిలో వచ్చింది. మొదటి ఏడాది తెలుగు చదవలేక ఏడ్చేది. ఆ ఏడుపు కూడా ఈ లెక్కలో రాసుకోవాలి. అన్నిటికన్నా ముందు, పక్కగదిలో ఉన్నవారితో గొంతు తగ్గించకుండా మాట్లాడండి.

బతకొచ్చా అంటే, బతకొచ్చు. అక్కడి జీతంతో పోల్చకుండా ఉంటే. ఈ ఏడు మా మామిడి మొదటి పూత పూసింది. మొదటి కాపు ఉంచకు, చెట్టు బలం పోతుంది, పూత తుంచెయ్యమన్నాడు మామ. ఈసారి విన్నాను.